షుగర్ అదుపులో పెడితే లివర్ దానంతటదే సర్దుకుంటుందా?

టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకి లివర్ రిపోర్టు తేడాగా వస్తే మన దగ్గర తరచుగా వినపడే మాట ఒకటుంది. "షుగర్ కంట్రోల్‌లో లేదు కదమ్మా, అది దారికొస్తే ఇదీ తగ్గిపోతుంది, టెన్షన్ పడకండి." ఈ మాట చాలాసార్లు నిజం కూడా. నా గొడవంతా అక్కడే. పూర్తిగా తప్పయితే ఈపాటికి ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లు. ఎక్కువసార్లు నిజమయ్యే మాట కాబట్టే, అది వర్తించని కొద్దిమంది పిల్లల దగ్గర కూడా ఎవరూ ఒక్క నిమిషం ఆగరు.

మా అమ్మాయి ఆ కొద్దిమందిలో ఒకతె. ఎనిమిదో ఏట టైప్ 1 వచ్చింది. హైస్కూల్‌కి వచ్చాక ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అని తేలింది, అంటే ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే లివర్ కణాల మీద పడి నెమ్మదిగా తినేసే జబ్బు. నేను డాక్టర్ని కాను, లెక్కలు చెప్పుకునే టీచర్ని. కాబట్టి ఇది వైద్య సలహా అనుకోకండి, కానీ ఒక తల్లి గోడు అనుకుని పక్కన కూడా పెట్టేయకండి, ఎందుకంటే నేను అడిగేది చాలా చిన్నది, చవకైనది. టైప్ 1 పిల్లల్లో లివర్ తేడాని షుగర్ ఖాతాలో రాసే ముందు, అదే రిపోర్టులో కింద ఉన్న రెండు లైన్లు చదవండి. షుగర్ సర్దుకున్నా, సర్దుకోకపోయినా, ఒకటి రెండు నెలల్లో ఆ రిపోర్టులో పెరిగిన లివర్ ఎంజైములు దిగకపోతే ఆటోఇమ్యూన్ కోణంలో వెతకండి. అంతే.

ముందు అసలు ఈ రెండు జబ్బులకీ సంబంధమేంటో చెప్పాలి, ఎందుకంటే చదువుకున్న బంధువులు కూడా "పాంక్రియాస్ ఎక్కడ, లివర్ ఎక్కడ, పాపం పిల్లకి ఒకదాని మీద ఒకటి వచ్చాయి" అంటారు, ఏదో గ్రహచారం అన్నట్టు. టైప్ 1 స్వీట్లు తింటే వచ్చేది కాదని ఈ బ్లాగు చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలని మన సొంత తెల్లకణాలే చంపేస్తాయి. అలా సొంత మనుషుల్నే శత్రువులనుకునే అలవాటు ఒకసారి పడ్డాక అది ఒక్క అవయవం దగ్గరే ఆగిపోతుందన్న గ్యారంటీ ఏమీ లేదు. టైప్ 1 ఉన్నవాళ్లలో 17 నుంచి 30 శాతం మందికి ఆటోఇమ్యూన్ థైరాయిడ్ జబ్బు ఉంటుందని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ లెక్క. అందుకే పిల్లలకి టైప్ 1 అని తేలగానే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష రాస్తారు, తర్వాత ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చేయిస్తారు. థైరాయిడ్ సంగతి అందరికీ అలవాటైపోయింది. లివర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అదే తర్కం ఎవరికీ గుర్తుకురాదు.

ఈ విషయం చదువుతున్నప్పుడు నన్ను కట్టిపడేసింది ఒక మనిషి. లండన్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో డెబోరా డోనియాక్ అనే డాక్టరు ఉండేవారు. 1956లో హషిమోటో థైరాయిడ్ రోగుల రక్తంలో సొంత థైరాయిడ్ మీదే తిరగబడే యాంటీబాడీలు ఉన్నాయని బయటపెట్టిన బృందంలో ఆవిడ ఒకరు. 1973లో రిజెట్టో, స్వానా అనే ఇద్దరితో కలిసి, దీర్ఘకాలిక హెపటైటిస్ ఉన్న కొందరి రక్తంలో లివర్‌నీ కిడ్నీనీ రెండింటినీ అంటుకునే ఒక యాంటీబాడీని వర్ణించారు. ఇవాళ మన పిల్లల రిపోర్టుల్లో ఎల్‌కేఎమ్ అని కనిపించేది దాని గురించే. మరుసటి ఏడాదే, 1974లో, బొటాజ్జో తదితరులతో కలిసి పాంక్రియాస్‌లో ఐలెట్ కణాలని (బీటా కణాలు ఉండే గుంపులని) అంటుకునే యాంటీబాడీని చూపించారు. టైప్ 1 ఆటోఇమ్యూన్ జబ్బు అనడానికి దొరికిన తొలి గట్టి ఆధారాల్లో అదొకటి. పద్ధతి కూడా ఒకటే: అవయవం నుంచి పలచటి ముక్క కోసి, దాని మీద రోగి సీరం వేసి, మెరిసే రంగు కలిపి, మైక్రోస్కోపులో ఎక్కడ వెలుగుతుందో చూడటం. ఇంకో సంగతి, 1974లో ఆ యాంటీబాడీ దొరికింది మామూలు షుగర్ రోగుల్లో కాదు, ఒకేసారి రెండు మూడు గ్రంథులు ఆటోఇమ్యూన్ దాడికి గురైన రోగుల్లో. అంటే టైప్ 1 ఆటోఇమ్యూన్ జబ్బు అని మనకి తెలిసిందే "ఒకటి వచ్చినవాళ్లకి ఇంకోటి రావచ్చు" అనే దారిలో వెతికితే. యాభై ఏళ్ల తర్వాత మనం షుగర్ డాక్టరు ఒక ఫ్లోరు, లివర్ డాక్టరు ఇంకో ఫ్లోరు, ఒకరి ఫైలు ఇంకొకరు తెరవరు అన్న స్థితిలో ఉన్నాం.

జన్యువుల వైపు నుంచి చూసినా దారి ఒకచోటే కలుస్తుంది. ఆరో క్రోమోజోము మీద హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల సముదాయం ఉంటుంది, ఏది మనది ఏది పరాయిది అని తెల్లకణాలకి చూపించే పని వాటిది. అందులో డీఆర్3 అనే రకం ఉన్నవాళ్లకి టైప్ 1 ముప్పు ఎక్కువ, ఆటోఇమ్యూన్ హెపటైటిస్ ముప్పూ ఎక్కువే, సీలియాక్ ముప్పు కూడా దానితో పాటే నడుస్తుంది. పెద్దవాళ్లకంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించే, ఎల్‌కేఎమ్ యాంటీబాడీ ఉండే రకం ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో ఇంకో ముడి ఉంది. ఆ యాంటీబాడీ గురిపెట్టేది సీవైపీ2డీ6 అనే లివర్ ఎంజైముని. దానిలోని ఒక చిన్న ముక్క ఐలెట్ కణాల్లో ఉండే కార్బాక్సిపెప్టిడేజ్ హెచ్ అనే ప్రోటీన్‌లోని ముక్కకి దగ్గరగా ఉంటుందని, కొందరు పిల్లల యాంటీబాడీలు రెండింటినీ పట్టుకుంటున్నాయని 1998లో లండన్ కింగ్స్ కాలేజీ బృందం చూపించింది. దీన్నిబట్టి షుగర్ వల్ల లివర్ జబ్బు వచ్చిందనో, లివర్ వల్ల షుగర్ వచ్చిందనో అనుకోకూడదు. రెండింటి పుట్టుకా ఒకే చోట. డీఆర్3 ఉన్న ప్రతి పిల్లకీ ఏదో ఒకటి వచ్చి తీరుతుందనీ కాదు, చాలామందికి ఏదీ రాదు.

సరే, "షుగర్ వల్లే" అనే వాదనకి న్యాయం చేద్దాం. షుగర్ బాగా ఎక్కువగా ఉండి, దాన్ని దించడానికి ఇన్సులిన్ కూడా గట్టిగా పడుతూ ఉండే పిల్లల్లో లివర్ గ్లూకోజుని గ్లైకోజెన్‌గా మార్చి దాచేసుకుంటుంది, దాచీ దాచీ ఉబ్బిపోతుంది. దీన్ని గ్లైకోజెనిక్ హెపటోపతీ అంటారు. 1930లో ఫ్రాన్స్‌లో పియరే మోరియాక్ అనే డాక్టరు ఇలా లివర్ ఉబ్బి, ఎత్తు పెరగకుండా ఆగిపోయిన షుగర్ పిల్ల గురించి రాశాడు, ఇన్సులిన్ వచ్చి పదేళ్లు కూడా కాలేదు అప్పటికి. ఈ జబ్బులో లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ అనే ఎంజైము వందల్లోకి, ఒక్కోసారి వేలల్లోకి కూడా పోతుంది, చూసినవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది, కానీ షుగర్ సర్దుకుంటే వారాల్లో దిగిపోతుంది, లివర్‌కి మచ్చ మిగలదు. పైగా అల్ట్రాసౌండ్‌లో ఇది తెల్లగా మెరుస్తూ ఫ్యాటీ లివర్ లాగే కనిపిస్తుంది, కాబట్టి రిపోర్టులో "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అని వచ్చేస్తుంది, సన్నగా రివటలా ఉన్న పిల్లకి కూడా! ఇవన్నీ ఉన్నాయి కాబట్టి మొదటిసారి డాక్టరు "షుగర్ చూసుకుందాం" అనడంలో తప్పేమీ లేదు. రెండోసారి, మూడోసారి కూడా అదే అనడంలోనే ఉంది తప్పంతా.

మా ఇంట్లో అదే జరిగింది. మొదట ఎస్‌జీపీటీ 96, మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే హెచ్‌బీఏ1సీ 9.2. షుగరే అన్నారు, మేమూ నమ్మాం, నమ్మకపోవడానికి కారణం లేదు. పిల్ల నీరసంగా ఉంటోంది, స్కూలు నుంచి రాగానే బ్యాగు కూడా తియ్యకుండా పడుకుంటోంది అంటే ఈ వయసు ఆడపిల్లలకి మామూలేనన్నారు. ఆ తర్వాత ఒక హెచ్‌బీఏ1సీ 6.4 వచ్చింది. క్లినిక్‌లో డైటీషియన్ దగ్గర్నుంచి రిసెప్షన్ అమ్మాయి దాకా అందరూ మెచ్చుకున్నారు, చాక్లెట్ ఇవ్వబోయి నాలుక్కరుచుకున్నారు. నాకు మాత్రం లెక్క కుదర్లేదు. మా నోటుబుక్కులో మీటరు రీడింగులు 210, 188, 240, 175, ఇలా ఉన్నాయి, సగటు ఎంత తక్కువేసుకున్నా 200కి అటూ ఇటూ. సగటు 200 అయితే హెచ్‌బీఏ1సీ 8.6 దగ్గర రావాలి. 6.4 రావాలంటే సగటు 137 ఉండాలి. మీటరు తప్పేమో అన్నారు, ల్యాబులో సరిచూస్తే మీటరు బాగానే ఉంది.

దీన్ని పట్టుకున్నది పెద్ద డాక్టరుగారు కాదు, ఆయన దగ్గర పనిచేసే ఒక కుర్ర డాక్టరమ్మ. నోటుబుక్కునీ రిపోర్టునీ పక్కపక్కన పెట్టి చూసి, "పాపని ఒకసారి పడుకోబెట్టండి" అంది. కుడివైపు చూసింది, తర్వాత ఎడమవైపు పక్కటెముకల కింద వేళ్లు పెట్టి, "గట్టిగా గాలి పీల్చు తల్లీ" అని, మళ్లీ పీల్చమని, రెండు వేళ్ల మందాన ప్లీహం (స్ప్లీన్) తగులుతోందని చెప్పింది. లివర్ గట్టిపడితే రక్తం వెనక్కి తన్ని ప్లీహం ఉబ్బుతుంది, ఉబ్బిన ప్లీహం ఎర్రకణాలని గడువు తీరకముందే తినేస్తుంది. హెచ్‌బీఏ1సీ అనేది ఎర్రకణానికి మూడు నెలల్లో పట్టిన చక్కెర లెక్క కాబట్టి, కణం మూడు నెలలు బతక్కపోతే లెక్క తక్కువ చూపిస్తుంది. అంటే మేము సంబరపడిన 6.4, లివర్ జబ్బు ముదిరిందని చెప్పే నంబరు. టైప్ 1 పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా పర్లేదు, మీటరు సగటుకీ హెచ్‌బీఏ1సీకీ పొంతన లేకపోతే సంతోషించే ముందు కారణం అడగండి. రక్తహీనత వల్ల కావచ్చు, ఇంకేదో కావచ్చు, కానీ కారణమంటూ ఒకటి ఉంటుంది.

ఇక ఆ రెండు లైన్ల సంగతి. ఎల్‌ఎఫ్‌టీ, అంటే లివర్ పనితీరు పరీక్ష, రిపోర్టు రాగానే అందరి కళ్లూ పైన బిలిరుబిన్ మీద, తర్వాత ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీల మీద పడతాయి, అవి బోల్డ్ అక్షరాల్లో ఉంటాయి కాబట్టి. కింద టోటల్ ప్రోటీన్, ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ అని ఉంటాయి, అక్కడిదాకా చాలామంది రారు. ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో ఐజీజీ అనే యాంటీబాడీల ప్రోటీన్ రక్తంలో పెరుగుతుంది, అది గ్లోబ్యులిన్‌లోకి వస్తుంది. మా అమ్మాయి పాత రిపోర్టులన్నీ తీసి చూస్తే టోటల్ ప్రోటీన్ 8.9, ఆల్బుమిన్ 3.4. తీసేస్తే 5.5. మామూలుగా మూడుకి అటూ ఇటూ ఉండాల్సింది. రెండో తరగతి తీసివేత. గ్లైకోజెన్ వల్ల ఉబ్బిన లివర్‌కి గానీ, ఫ్యాటీ లివర్‌కి గానీ గ్లోబ్యులిన్ ఇంతలా పెరగాల్సిన పని లేదు. అలాగని గ్లోబ్యులిన్ మామూలుగా ఉంటే జబ్బు లేదని కొట్టిపారేయడానికీ వీల్లేదు, కొంతమంది పిల్లల్లో, ముఖ్యంగా ఎల్‌కేఎమ్ రకంలో, ఐజీజీ మామూలుగానే ఉండొచ్చు. కానీ పెరిగి కనిపిస్తున్నప్పుడు పట్టించుకోకపోవడానికి మాత్రం ఏ సాకూ లేదు.

తర్వాత ఈ జబ్బు కోసం రక్తంలో వెతికే యాంటీబాడీలు: ఏఎన్ఏ, ఎస్ఎంఏ, ఎల్‌కేఎమ్. ఇక్కడ ఇంకో మెలిక. పెద్దవాళ్లలో 1:40 నుంచి, అంటే సీరాన్ని నలభై వంతులకి పలచన చేసినా కనపడితే, లెక్కలోకి తీసుకుంటారు, పిల్లల్లో ఏఎన్ఏ, ఎస్ఎంఏ అయితే 1:20, ఎల్‌కేఎమ్ అయితే 1:10 ఉన్నా విలువ ఇవ్వాలి, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఇవి కనపడటం అరుదు. మా రిపోర్టులో ఎస్ఎంఏ 1:40 అని ఉండి, పక్కన "బలహీనంగా పాజిటివ్" అని ఉంది. చూసినవాళ్లెవరైనా బలహీనమే కదా అనుకుంటారు. లివర్ డాక్టరు అలా అనుకోలేదు, వైరస్ హెపటైటిస్‌లు, విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) లేవని తేల్చుకుని, బయాప్సీ చేయించారు. మా అమ్మాయిది ఎల్‌కేఎమ్ రకం కాదు, ఏఎన్ఏ, ఎస్ఎంఏ కనపడే మొదటి రకం. అప్పటికే లివర్‌లో మచ్చలు గట్టిపడ్డాయి. ఇది మా ఒక్కరి దురదృష్టం కాదు, ఈ జబ్బు బయటపడే సమయానికే చాలామంది పిల్లల్లో సిరోసిస్ (లివర్ మచ్చలతో గట్టిపడిపోవడం) ఉంటుంది. పిత్తనాళాలు కూడా చూడాలన్నారు, ఎమ్మార్సీపీ అనే స్కాన్ తీయించారు. కింగ్స్ కాలేజీ వాళ్లు ఆటోఇమ్యూన్ లివర్ జబ్బు లక్షణాలున్న 55 మంది పిల్లలని పదహారేళ్లపాటు గమనించి 2001లో ప్రచురించారు, వాళ్లలో 27 మందికి పిత్తనాళాల్లోనూ జబ్బు ఉంది. మా అదృష్టం, అవి బాగున్నాయి.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఇంత అరుదైన జబ్బు కోసం టైప్ 1 పిల్లలందరికీ పరీక్షలు చేయించాలా? అక్కర్లేదు. ఐరోపాలో మొత్తం జనాభాలో లక్షకి 15 నుంచి 25 మందికి ఆటోఇమ్యూన్ హెపటైటిస్ ఉంటుందని అంచనా, టైప్ 1 పిల్లల్లో అంతకంటే ఎక్కువే అయినా థైరాయిడ్‌తో పోలిస్తే ఇది లెక్కలోకి రానంత తక్కువ. అందరికీ యాంటీబాడీ ప్యానెల్ చేయిస్తే ఏమవుతుందో కూడా తెలుసు, ఏ జబ్బూ లేని పిల్లలకి ఏదో ఒకటి కాస్త పాజిటివ్ వచ్చి ఆ ఇంట్లో అన్నం సహించదు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా టైప్ 1 పిల్లల్లో ఆటోఇమ్యూన్ హెపటైటిస్ మామూలు పిల్లలకంటే ఎక్కువని ఒప్పుకుంటుంది, కానీ లక్షణాలని బట్టి చూడమనే అంటుంది. నేను దానితో గొడవ పడటం లేదు. ఏటా ఎలాగూ రక్తం తీస్తున్నారు, టీఎస్‌హెచ్‌కీ కిడ్నీకీ. అదే రక్తంలో ఒక ఎల్‌ఎఫ్‌టీ, కొన్ని వందల రూపాయలు. తేడా వస్తే మళ్లీ చేయడం, అప్పుడూ తేడా ఉంటే వెతకడం. మన దేశంలో టైప్ 1 ఉన్న పిల్లలు, కుర్రకారు రెండు లక్షలకి పైనే ఉన్నారని అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ 2021 అట్లాసు చెబుతోంది. అరుదు అన్న మాటని ఆ సంఖ్యతో గుణించి చూడాలి.

ఇక్కడే సీలియాక్ గురించి ఒక పక్కమాట. గోధుమలోని గ్లూటెన్ పడకపోవడం వల్ల వచ్చే ఈ ఆటోఇమ్యూన్ జబ్బు కూడా టైప్ 1 పిల్లల్లో మామూలుకంటే ఎక్కువ, ఇది కూడా ఎస్‌జీపీటీని పెంచగలదు, గోధుమ మానేస్తే ఆ పెరుగుదల దిగిపోతుంది. ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో ఇది చాలా తక్కువ కాబట్టి మన డాక్టర్లకి అంతగా తట్టదు. కానీ మనం ఏం చేస్తాం? పిల్లకి షుగర్ అనగానే రాత్రిపూట అన్నం మాన్పించి చపాతీ మొదలుపెడతాం! జన్మలో గోధుమ అలవాటు లేని ఇంట్లో, ఆ జబ్బు ముప్పున్న పిల్లకే, రోజూ మూడు చపాతీలు. పిండిపదార్థం గ్రాముల్లో లెక్కేసి ఇన్సులిన్ వేసుకునే టైప్ 1 పిల్లకి అన్నమైనా చపాతీ అయినా పెద్ద తేడా లేదని ఎన్నిసార్లు చెప్పినా మా అత్తగారికి ఎక్కదు.

అత్తగారి ప్రస్తావన వచ్చింది కాబట్టి పత్యం సంగతి కూడా చెప్పాలి. మా అమ్మాయికి మధ్యలో కళ్లు పచ్చబడ్డాయి. ఇంకేముంది, ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ వైద్యులే. ఉప్పు, నూనె, పప్పు బంద్, మజ్జిగన్నం మాత్రమే పెట్టమని ఒకరు. పొద్దున్నే చెరకు రసం, మధ్యాహ్నం గ్లూకోజు నీళ్లు పట్టించమని ఇంకొకరు. కామెర్లకి చెరకు రసం మన దగ్గర ఎంత పాతుకుపోయిందంటే, ఇన్సులిన్ మీద ఉన్న పిల్లకి దాన్ని గ్లాసులతో ఇవ్వమంటున్నామని అనేవాళ్లకి స్ఫురించను కూడా లేదు. పక్క ఊళ్లో కంట్లో పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకెళ్లమని మా పెదమామగారు ఆటో కూడా మాట్లాడేశారు. చెరకు రసంతో షుగర్ నాలుగు వందలు దాటితే ఒక ప్రమాదం. ఏమీ తిననివ్వకుండా ఇన్సులిన్ మామూలుగా వేస్తే ఇంకో ప్రమాదం, పైగా జబ్బు చేసిన లివర్‌కి అవసరానికి గ్లూకోజు విడుదల చేసే శక్తి తగ్గుతుంది కాబట్టి లో షుగర్ వస్తే తేరుకోవడం కష్టం. పెద్దవాళ్ల ప్రేమని కాదనడం నా ఉద్దేశం కాదు. కానీ టైప్ 1 పిల్ల ఇంట్లో ఉన్నప్పుడు పత్యం విషయంలో మొహమాటపడకూడదు.

తిప్పతీగ గురించి ఇంకాస్త గట్టిగా చెబుతాను. షుగర్‌కి మంచిదని, ఇమ్యూనిటీ పెంచుతుందని, కరోనా తర్వాత మన ఊళ్లలో గోడల మీద పాకే తీగని కూడా వదలకుండా కోసి కషాయాలు కాచారు. 2020 చివరి నెలల్లో ముంబైలో తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిని వచ్చిన ఆరుగురి గురించి డాక్టర్లు 2021లో రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, చూడ్డానికి దానిలాగే ఉండే వేరే తీగ అయ్యుండొచ్చని అంది. 2022లో హైదరాబాద్ ఏఐజీ ఆస్పత్రి వైద్యులు కూడా ఉన్న బృందం 13 కేంద్రాల నుంచి 43 మంది రోగుల వివరాలు ప్రచురించింది. వాళ్లు తేల్చిందేంటంటే, లివర్ దెబ్బతిన్న తీరు ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లా ఉంది, అప్పటిదాకా లోపల అణిగి ఉన్న ఆటోఇమ్యూన్ జబ్బుని తిప్పతీగ బయటికి లాగుతున్నట్టుంది. ఇమ్యూనిటీ పెంచడం అనే మాట వింటేనే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది. మా పిల్లకి ఇమ్యూనిటీ తక్కువై కాదు జబ్బు వచ్చింది, అది తన ఇంటిమీదే పడి! టైప్ 1 పిల్లలకి తిప్పతీగ కషాయం ఇస్తున్నవాళ్లు దయచేసి ఆపండి. ఆయుర్వేదం మంచిదా చెడ్డదా అన్న చర్చ నాకు అనవసరం, ఈ పిల్లలకి ఈ తీగ వద్దు.

వైద్యం విషయంలో రెండు జబ్బులూ ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌కి మొదటి మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, పిల్లల్లో కిలో బరువుకి 2 మిల్లీగ్రాముల దాకా, రోజుకి 60 మించకుండా మొదలుపెడతారు. స్టెరాయిడ్ అంటేనే షుగర్ పెంచేది. మొదటి వారం నేను అనుకున్నది పొద్దున లేవగానే షుగర్ ఆకాశంలో ఉంటుందని. అలా కాదు, పొద్దున టిఫిన్ తర్వాత మాత్ర వేస్తే పరగడుపు షుగర్ దాదాపు ఎప్పటిలాగే ఉండి, మధ్యాహ్నం భోజనం నుంచి రాత్రి దాకా 300 దాటి కూర్చుంటుంది, రాత్రి గడిచేకొద్దీ దిగుతుంది. అందుకని రోజంతా పనిచేసే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ డోసు పెంచితే తెల్లవారుజామున లో అవుతుంది. మాకు పనిచేసింది మధ్యాహ్నం డోసు బాగా పెంచడం, పొద్దున మాత్రతో పాటే తెల్లగా మబ్బుగా ఉండే పాత ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ కొంచెం ఇవ్వడం, దాని బలమూ మాత్ర బలమూ ఇంచుమించు ఒకే సమయంలో వస్తాయి. ఇది మా పిల్లల ఎండోక్రైన్ డాక్టరు వేసిన లెక్క, మీ పిల్లకి మీ డాక్టరు వేయాలి. స్టెరాయిడ్ తగ్గించేటప్పుడు ఇన్సులిన్ కూడా వెంటనే తగ్గాలి. లివర్ క్లినిక్ చీటీ మీద మాత్ర 40 నుంచి 30కి దించారు, ఇన్సులిన్ ఊసే లేదు, ఆ వారం ఒక సాయంత్రం ట్యూషన్లో 48కి పడిపోయింది. అప్పట్నుంచి ఏ క్లినిక్‌లో ఏ డోసు మారినా, రెండో జబ్బు చూసే డాక్టరుకి అక్కడి బెంచీ మీద నుంచే ఫొటో పంపి, జవాబు వచ్చాకే లేస్తాను.

రోగనిరోధక వ్యవస్థని అణిచే అజథయోప్రిన్ అనే మందు కలిపితే స్టెరాయిడ్ తగ్గించొచ్చు. అది మొదలుపెట్టే ముందు ఎన్‌యూడీటీ15 (NUDT15) అనే జన్యు పరీక్ష అడగండి. ఆ జన్యువులో తేడా ఆసియా వాళ్లలో ఎక్కువ, తేడా ఉంటే మామూలు డోసుకే తెల్లకణాలు పడిపోతాయి. వీలైతే మందులకి ముందే టీకాలు కూడా చూసుకోవాలి, హెపటైటిస్ ఎ, చికెన్‌పాక్స్ టీకాలు సర్కారు ఉచిత పట్టికలో లేవు కాబట్టి చాలామంది పిల్లలకి పడి ఉండవు, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు ఈ మందులు మొదలయ్యాక వేయకూడదు.

మందు మాత్రం పనిచేస్తుంది, ఆ మాట దాచను. మా అమ్మాయి ఎంజైములు మొదటి రెండు నెలల్లోనే చాలావరకు దిగాయి, పూర్తిగా మామూలు కావడానికి ఇంకా టైం పట్టింది. అసలు యుద్ధం ముఖంతో వచ్చింది. స్టెరాయిడ్‌కి బుగ్గలు ఉబ్బాయి, మొటిమలు, ఆకలి. క్లాసులో ఎవరో ఏదో అన్నారు. ఒకరోజు పరుపు కింద మాత్రలు దొరికాయి. ఈ వయసులో జబ్బు తిరగబెట్టడానికి పెద్ద కారణం ఇదేనని డాక్టరు ముందే హెచ్చరించారు, తిట్టొద్దన్నారు కూడా. ఇంక బంధువుల సంగతి, లివర్ జబ్బు అనగానే తాగేవాళ్లకి వచ్చేది కదా అని చూసే చూపు, ఆడపిల్లకి షుగరూ లివరూ రెండూ అంటే పెళ్లెలా అని గుసగుస. దీని మీద రాయాలంటే ఇంకో వ్యాసం అవుతుంది, దానికి నా దగ్గర ఓపిక లేదు.

మూడేళ్లు ఎంజైములూ ఐజీజీ మామూలుగా ఉంటే మళ్లీ బయాప్సీ చేసి మందులు ఆపడం గురించి ఆలోచిద్దామన్నారు, ఆపాక తిరగబెట్టే అవకాశం ఎక్కువేనని కూడా అన్నారు. ప్రస్తుతం మా ఇంట్లో నలుగుతున్న విషయం వేరే. ఆటోఇమ్యూన్ లివర్ జబ్బు ఉన్న పిల్లల్లో దాదాపు 40 శాతం మంది కుటుంబాల్లో ఇంకెవరికో ఏదో ఒక ఆటోఇమ్యూన్ జబ్బు ఉంటుందట. మా అమ్మకి థైరాయిడ్, నా చెల్లెలికి బొల్లి. ఇప్పుడు చిన్నవాడి సంగతేంటి? వాడికి ఎల్‌ఎఫ్‌టీ, టీఎస్‌హెచ్ చేయించాం, బాగున్నాయి. టైప్ 1 వచ్చే ముప్పు చెప్పే ఐలెట్ యాంటీబాడీలు కూడా చేయిద్దామని నేను. పాజిటివ్ వస్తే ఏం చేస్తావ్, వాడి ముఖంలోకి చూస్తూ కూర్చుంటావా అని మా ఆయన. అమెరికాలో 2022 నవంబరులో టెప్లిజుమాబ్ అనే మందుకి అనుమతి వచ్చింది, యాంటీబాడీలు ఉండి షుగర్ అప్పుడప్పుడే తేడా పడుతున్నవాళ్లలో జబ్బుని కొన్నేళ్లు వెనక్కి నెట్టగలదు, అదీగాక ముందే తెలిస్తే మా అమ్మాయిలా కీటోన్లతో ఐసీయూలో తేలే పని తప్పుతుంది అని నా వాదన. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, ల్యాబు వాళ్లు మాత్రం ఇంటికొచ్చి రక్తం తీస్తామని రెండుసార్లు ఫోన్ చేశారు.